మా తట్టా పారా, మనవరాలి లాగ్ బుక్కూ

డిగ్రీ మొదటి ఏడాది పరీక్షలు రాసి సెలవులకొచ్చిన మా మనవరాలు, చెప్పులైనా విప్పకుండా, "తాతయ్యా, ఇంట్లో ఎంతమంది? తాగే నీళ్లు ఎక్కడివి?" అని మొదలెట్టింది. కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టట. 180 గంటలు, 4 క్రెడిట్లు. రోజూ లాగ్ బుక్కు నింపాలి. సేవను కూడా తూకమేసి అమ్ముతున్నారన్నమాట!

అబద్ధమెందుకు, మా ఎన్నెస్సెస్‌కీ ఏడాదికి 120 గంటల లెక్కుంది. గాంధీగారి శతజయంతి ఏడు, 1969లో, 37 విశ్వవిద్యాలయాల్లో పెట్టారు దాన్ని. నేను చేరింది మాత్రం కోణార్క చక్రం బ్యాడ్జీ కోసం, క్యాంపులో పెట్టే ఉప్మా కోసం. ఓ ఊళ్లో తట్టలు మోసి మట్టిరోడ్డు వేశాం. "నీళ్లు అటే పారతాయి నాయనా" అని ఒక ముసలమ్మ మొత్తుకుంది. కాలేజీ చదువులు వెలగబెడుతున్నవాళ్లం, వింటామా? తొలకరికి రోడ్డు కాలవలో కలిసింది.

1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత దివిసీమ వెళ్లినప్పుడు మాత్రం గంటలు ఎవరికి గుర్తున్నాయి? ముక్కుకి తువ్వాలు చుట్టుకుని, పశువుల కళేబరాలు పూడ్చడానికి గోతులు తవ్వుతున్నాం. ఇల్లూ గొడ్డూ పోగొట్టుకుని గట్టు మీద కూర్చున్న ఒకాయన లేచొచ్చి నా చేతిలో పార లాక్కున్నాడు. "అట్టా పట్టుకుంటే నడుం పట్టేసుద్దయ్యా" అని తనే తవ్వి చూపించాడు. సాయానికి వెళ్లింది నేను!

ఇప్పుడో? ఒక్క మొక్క మీద పన్నెండు చేతులు, ఓ ఫోటో. మర్నాటి నుంచి దాని బాగోగులు మేకలు చూసుకుంటాయి. పక్కింటి కుర్రాడు వీధి వీధంతా సర్వేని అరుగు మీద కూర్చుని ఒక్క మధ్యాహ్నంలో కానిచ్చేశాడు. నిరుడు పోయిన కరణంగారి చేత కూడా మంచినీళ్లు బావున్నాయనిపించాడు!

మా పిల్ల మాత్రం ఎండలో తిరుగుతోంది, అది ఒప్పుకోవాలి. నిన్న మొహం ఎర్రగా కందిపోయి వచ్చింది.

"దిగువ వీధిలో బోరు నీళ్లు ఉప్పగా ఉన్నాయని ఎవరూ తాగట్లేదు తాతయ్యా. ఫారంలో బోరు ఉందా లేదా అనే ఉంది. ఇదెక్కడ రాయను?"

"వెనక పేజీలో రాయి."

"వెనక పేజీకి మార్కులు లేవు."

అంటూనే పేజీ తిప్పి, చెంబెడు మంచినీళ్లు గటగటా తాగి, పెన్ను తీసింది.