ఉసూర్‌లో పట్నం హోటలు

హైదరాబాదులో ఇప్పుడు అడవికి మంచి గిరాకీ. గోడకు వెదురు తడికె, బల్బుకు చేపల బుట్ట, వెయిటరు తలకు ఈక. ఏసీ చలికి ఆ ఈక కూడా వణుకుతుంటుంది. మారేడుమిల్లి రోడ్డు పక్కన బొంగులో కూరి నిప్పుల మీద కాల్చే కోడి ఇక్కడికొచ్చేసరికి మూకుట్లో వేగి, వడ్డించే ముందు బొంగులోకి గృహప్రవేశం చేస్తుంది. స్పీకర్లో డప్పు మోగుతుంటే "ఉప్పు అందుకో" అనడానికి కూడా అరవాలి.

అడవిలో ఉండేవాళ్ల ఊరు మనం ఇంతగా వాడుకుంటున్నప్పుడు, మన ఊరు వాళ్లకివ్వడం మర్యాద. అందుకే ఛత్తీస్‌గఢ్ బీజాపూర్ జిల్లా ఉసూర్‌లో పట్నం థీమ్ హోటలు పెడదామంటున్నాను. తెలంగాణ సరిహద్దు దగ్గరే, దోర్లలు, కోయలు ఉండే చోటు, తెలుగు చెల్లుతుంది. పేపర్లో ఆ ఊరి పేరొచ్చిందంటే కర్రెగుట్టలూ మావోయిస్టుల కోసం కూంబింగూ వెంట రావాల్సిందే. అక్కడ జనం ఏం తింటారని అడగడానికి ఏ విలేకరీ బండెక్కలేదు.

పోటీ మాత్రం గట్టిది. ఉసూర్ ఉన్న బస్తర్ ప్రాంతపు సంతలో హోటలుకు గోడలుండవు, మెనూ ఉండదు. చెట్టు కింద కూర్చున్నామె ఆకు దొప్పలో ఏం పోస్తే అదే. చాపడా అని ఎర్రచీమల పచ్చడి ఉంటుంది. చీమల్ని గుడ్లతో సహా ఉప్పూ మిరపకాయా వేసి నూరుతారు. చింతపండు పని లేదు, పులుపు చీమే తెచ్చుకుంటుంది. ఒడిశాలోని మయూర్‌భంజ్ చీమల చట్నీకి 2024 జనవరిలో జీఐ గుర్తింపు కూడా దక్కింది. బస్తర్ చీమలు సర్టిఫికెట్ ఊసెత్తకుండా చెట్ల మీద ఆకులు కుట్టుకుంటున్నాయి. ఇంతా చేసి ఆ సంతలో మాటామంతీ, బేరం, నవ్వులు అన్నీ ఉచితం. మన దగ్గర 'లైవ్లీ యాంబియన్స్' అని విడిగా పిండేది వాటికే.

అడవి చూపించి ఉసూర్ వాళ్ల దగ్గర పైసా రాబట్టలేం. కాబట్టి అద్దాల తలుపు, ప్లాస్టిక్ మొక్క, హారన్ల రికార్డింగు పెడతాం. కుర్చీలు ఖాళీగా ఉన్నా అరగంట బయట నిలబెడతాం. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తేనే మెనూ. సిగ్నల్ లేకపోతే గుట్టెక్కి ఆర్డరిచ్చి దిగి రావచ్చు, ఆకలి కూడా బాగా వేస్తుంది. ఇప్పపూల లడ్డూకు 'మహువా ట్రఫుల్' అని పేరు పెడతాం. ఆ పూలు ఏరినామెకే అమ్ముతాం.

అసలు ఆకర్షణ బిల్లు. సర్వీస్ ఛార్జి తమంతట తాము బిల్లులో కలపకూడదని వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో చెప్పింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టూ ఔనంది. అయినా వేస్తాం. లేకపోతే పట్నమని ఎవరు నమ్ముతారు? "ఇదేంది బావా, తిన్నది తక్కువ, రాసింది ఎక్కువ?" అని ఎవరైనా నిలదీస్తే మా మేనేజరు చెప్పాల్సిన జవాబు ముందే బట్టీ పట్టించాం: "సిస్టమ్‌లో అలాగే వస్తోంది సార్."