సేవకు సిద్ధపడే తమ్ముడికి ఒక సీనియర్ చిట్కాలు

తమ్ముడూ, థియాలజీలో సీటొచ్చిందట, సంతోషం. ముందు అసలు కిటుకు చెబుతాను, మిగతావన్నీ దాని పిల్లలే. చదవాల్సి వచ్చినప్పుడల్లా సేవ ఉందను. సేవకు పిలిచినప్పుడల్లా పరీక్ష ఉందను. గ్రీకు క్లాసు రోజున ఉపవాస కూడిక, ఆసుపత్రిలో రోగిని చూసి రమ్మన్న రోజున గ్రీకు క్రియలు. ఈ రెండు సాకులనూ మార్చి మార్చి వాడితే ఏళ్లకేళ్లు ఏదీ అంటకుండా గడిచిపోతాయి. పైగా కాలేజీలోనూ సంఘంలోనూ ‘పాపం, ఊపిరాడని కుర్రాడు’ అనిపించుకుంటావు.

ఎవరైనా విలియం కేరీ పేరెత్తితే మాట మార్చు. ఆయన ఇంగ్లండులో చెప్పులు కుట్టుకుంటూనే గ్రీకు, హెబ్రీ నేర్చుకున్నాడు. 1793లో బెంగాల్ చేరాడు, 1818లో సహచరులతో కలిసి సెరాంపూర్ కాలేజీ పెట్టాడు. 1827లో డెన్మార్క్ రాజు దానికి పట్టాలిచ్చే అధికారమిచ్చాడు. పనీ చదువూ ఒకే బల్ల మీద సాగించడం కాలేజీ మొహం చూడనివాళ్ల తిప్పలు. నీకేం, హాస్టలుంది, మెస్సుంది.

ఫీల్డ్ వర్క్ రిపోర్టు శనివారం రాత్రే రాసి పెట్టుకో. ఆదివారం సంఘంలో ఏం జరిగినా అది మారకూడదు.

చావు జరిగిన ఇంటికి వెళ్లక తప్పకపోతే నోట్సు వెంట తీసుకెళ్లు. యోబు స్నేహితులు చేసిన పొరపాటు చేయకు. వాళ్లు వచ్చీరాగానే నేల మీద కూర్చుని ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నోరు విప్పకుండా కాలం వృథా చేశారు. (ఆ తర్వాత పుంజుకున్నారనుకో, అధ్యాయాలకు అధ్యాయాలు వాదించారు. చివర్లో దేవుడు వాళ్ల మీదే కోప్పడ్డాడంటారు, సిలబస్ అక్కడిదాకా రాదులే.) నువ్వు చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టు. కీడు ఎందుకుందన్న ప్రశ్నకు ఎన్ని జవాబులున్నాయో వరసగా వివరించు. ఆ తల్లి బిడ్డ పేరు చెప్పబోతే వేలెత్తి ఆపు, మూడో జవాబు దగ్గర ఉన్నావు కదా.

ప్రసంగంలో నిమిషానికో గ్రీకు మాట పడాలి. అర్థం కాకపోతేనే అయ్యగారికి చాలా తెలుసంటారు. ఎంతసేపు మాట్లాడాలన్నావా? త్రోయలో పౌలు అర్ధరాత్రిదాకా మాట్లాడాడు. కిటికీలో కూర్చున్న ఐతుకు అనే కుర్రాడు నిద్రతో తూగి మూడో అంతస్తు నుంచి పడ్డాడు. తప్పు కిటికీది. పౌలు వెంటనే కిందికి దిగి అతణ్ని కౌగిలించుకున్న సంగతి నీకనవసరం. పాయింటు మధ్యలో వేదిక దిగడం హోమిలెటిక్స్ మాస్టారికి నచ్చదు.

ఇక పోస్టింగు వచ్చిందంటే పుస్తకాల పెట్టె అటకెక్కాల్సిందే. అప్పుడు సంఘపెద్ద ఒకాయన అడుగుతాడు: పౌలు చెరసాలలో ఉండి, తన పని ముగిసే వేళయిందని తెలిసీ, త్రోయలో వదిలొచ్చిన అంగీతో పాటు పుస్తకాలూ తెమ్మని తిమోతికి రాశాడు కదా, ఎందుకంటారు అయ్యగారూ అని. తడబడకు. అంగీ చలికి, పుస్తకాలు తలకింద దిండుకి అని చెప్పు. ఆయన ఇంకా చూస్తూనే ఉంటే ప్రార్థన చేసుకుందాం అనేయ్. కళ్లు మూసుకున్నాక ఎదురు ప్రశ్న వేసేవాళ్లు మన సంఘాల్లో ఇంకా పుట్టలేదు.