పిర్రలు మినహా క్షేమం

డబ్లిన్, ఐర్లాండ్

పూజ్యులైన అత్తయ్యగారికి, మామయ్యగారికి మీ అల్లుడు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేం ముగ్గురం క్షేమం. ఆ క్షేమంలోంచి మీ మనవరాలి పిర్రల్ని మాత్రం ఈమధ్య మినహాయించాల్సి వచ్చింది. పెద్దలకి రాసే ఉత్తరంలో ఈ మాట పెట్టడం మర్యాద కాదని నాకూ తెలుసు. కానీ అమలాపురం నుంచి అనకాపల్లి దాకా మన చుట్టాలంతా వీడియో కాల్లో కూర్చుని చర్చించేశాక ఇంకా దాచేదేముంది? ఫోన్లోనే చెబుదామంటే, నేను "అదికాదు అత్తయ్యగారూ" అనేలోపే మీరు చిట్కా చెప్పేస్తారు. ఇంకో చిట్కా చెప్పడానికి పిన్నిగారు ఫోను లాక్కుంటారు. అందుకే ఉత్తరం పట్టుకున్నాను. దీనికి మధ్యలో అడ్డు తగలడం కుదరదు.

ముందు మామయ్యగారి అనుమానం తీర్చాలి. నేను పట్టపగలు ఇంట్లో కనిపిస్తున్నానంటే నా ఉద్యోగం పోయిందని కాదు. ఈ దేశంలో బిడ్డకి రెండేళ్ళు నిండేలోగా తల్లికీ తండ్రికీ చెరో తొమ్మిది వారాలు సెలవిస్తారు. అంతకుముందు ఏడు వారాలుండేది, 2024 ఆగస్టులో పెంచారు. మీ అమ్మాయి ప్రసూతి సెలవు అయిపోయి ఆఫీసుకి వెళ్తోంది కాబట్టి ఇప్పుడు నా వంతు. వీధిలో ఎవరైనా అడిగితే "మా అల్లుడు సర్కారువారిచ్చిన సెలవులో ఉన్నాడు" అనండి చాలు. సెలవు పెట్టి ఏం కడుగుతున్నాడో చెప్పనక్కర్లేదు.

ఇక అసలు సంగతి. ఏడో నెలలో అన్నప్రాసన చేశాం కదా. పుస్తకం, కలం, బంగారం అన్నీ వదిలేసి మీ మనవరాలు పాక్కుంటూ వెళ్ళి తడి టిష్యూల ప్యాకెట్టు పట్టుకుంటే మీరంతా ఫోన్లో పగలబడి నవ్వారు. దానికి ముందే తెలుసు. పరమాన్నం వెనకాలే అరటిపండూ, క్యారెట్టు ముద్దా, పప్పుకట్టూ మొదలయ్యాయి. రోజుకి ఎన్నిసార్లు వెళ్తోందో లెక్క తప్పింది. ఓ ఉదయం డైపరు విప్పితే లోపలంతా ఎర్రగా కందిపోయి, తొడల పక్క ఒరుసుకుపోయి ఉంది. నీళ్ళు తగిలితే చాలు, పక్కింటి ఐరిష్ ముసలాయన గోడవతల నుంచి "అంతా బాగానే ఉందా?" అని అడిగేంత కేక.

ఇది దిష్టేనని మీరు ఆ రోజే తేల్చేశారు. నేను కాదనను. అయితే దిష్టి తగలాలంటే ముందు ఎవరో ఒకరు చూడాలి కదండీ. డబ్లిన్ చలిలో ఆ భాగాన్ని చూసింది నేనూ, మీ అమ్మాయీ, మేం పాపని చూపించిన నర్సూ. మిగతా చూసినవాళ్ళంతా వీడియో కాల్లో మనవాళ్ళే. ఈ లెక్కన అనుమానం మన ఇంటిమీదికే వస్తుంది, అందుకని ఆ సిద్ధాంతం వదిలేద్దాం.

నర్సమ్మ చెప్పిన కారణం ఇదీ. తిండి అరగడానికి కడుపులో ఊరే ఎంజైములు కొన్ని మలంలో కూడా బయటికొస్తాయి. లోపల తిండిని అరిగించినట్టే బయట చర్మాన్నీ అరిగించడానికి చూస్తాయి. మూత్రం దానికి తోడైతే చర్మానికి సహజంగా ఉండే ఆమ్లగుణం తగ్గిపోయి వాటికి ఇంకా బలం వస్తుంది. ఆపైన నానిన చర్మం, డైపరు రాపిడి. కొత్త తిళ్ళు మొదలైనప్పుడు, విరేచనాలైనప్పుడు, యాంటీబయాటిక్ మందులు వాడినప్పుడు ఇది ఎక్కువట. అంటే నేరం కొంత మీ పప్పుకట్టుది, కొంత నా డైపరుది.

"మా రోజుల్లో ఈ డైపర్లూ లేవు, ఈ ఒరుపులూ లేవు" అన్నారు మీరు. అత్తయ్యగారూ, మీమీద గౌరవంతోనే అడుగుతున్నాను, మరి ఉయ్యాల పక్కన ఆ కొబ్బరినూనె గిన్నె ఎందుకుండేది? అయినా మీ మాటలో సగం నిజముంది. పొత్తిగుడ్డ తడిస్తే వెంటనే తెలిసేది, ఒళ్ళో ఎత్తుకున్నవాళ్ళ చీరే సాక్ష్యం చెప్పేది. ఇంట్లో మీరూ, మీ అత్తగారూ, ఇద్దరు తోడికోడళ్ళూ ఉండేవారు, నిమిషంలో గుడ్డ మారేది. ఈ డైపరు తడినంతా లోపల దాచుకుని పైకి పెద్దమనిషిలా కూర్చుంటుంది. పన్నెండు గంటలు పొడిగా ఉంచుతుందని డబ్బామీద రాస్తే నమ్మి వదిలేస్తాం. తడిని దాస్తుంది గానీ మలాన్ని దాయలేదు కదా. గుడ్డయినా అంతే, తడిసినదాన్ని అలాగే వదిలేస్తే ఇంకా తొందరగా ఒరుస్తుంది. కాబట్టి తగువు గుడ్డకీ డైపరుకీ కాదు, ఎంతసేపట్లో మార్చామన్నదానికే. ఇప్పుడు రాత్రిపూట కూడా లేచి చూస్తున్నాను. ఒక సైజు పెద్ద డైపరు వదులుగా వేస్తున్నాను. ఆ వెండి మొలతాడు డైపరు పట్టీ కింద నలిగి నడుముచుట్టూ గీత పడుతుంటే దాన్ని కూడా తీసి... ఆగండి, భోజనం మానేయకండి. తీసి దేవుడి దగ్గరే పెట్టాం. ఒరుపు తగ్గగానే కట్టేస్తాం.

మీరు పంపిన పార్సెలు అందింది. అందులో పౌడరు డబ్బాలు చూసి మీ అమ్మాయి కళ్ళు చెమర్చాయి, ఆ వాసన అలాంటిది. కానీ వాడటం లేదు. పౌడరు చల్లితే సగం గాల్లోకి లేచి పాప ఊపిరితిత్తుల్లోకి పోతుంది, మిగతా సగం తడి మడతల్లో ఉండకట్టి ఇంకా రాపాడుతుంది. మనందరి ఒంటికీ పూసిన ఆ జాన్సన్ కంపెనీవాళ్ళే 2020లో అమెరికాలో, కెనడాలో టాల్కు పౌడరు అమ్మడం ఆపేశారు, 2023లో ప్రపంచమంతటా మానేసి మొక్కజొన్న పిండికి మారారు. డబ్బాలు పారేయలేదు. మీ అమ్మాయి ఒకటి బీరువాలో పెట్టుకుని అప్పుడప్పుడూ మూత తీసి వాసన చూస్తోంది. అది మాత్రం ప్రమాదం కాదనుకుంటాను.

సున్నిపిండితో నలుగు కూడా ఆ చోటికి ఇప్పుడు వద్దన్నారు. పసుపు, వంటసోడా, డెట్టాలు వంటివేవీ అక్కడికి రానివ్వడం లేదు. గోరువెచ్చని నీళ్ళు, దూది, అంతే. ఆడపిల్ల కాబట్టి ముందునుంచి వెనక్కి తుడవాలి. బయటికెళ్ళినప్పుడు టిష్యూలు వాడితే సెంటూ ఆల్కహాలూ లేనివి చూసి కొంటున్నాం. కడిగాక రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్ది, పూర్తిగా ఆరాకే మందు. పాత మందు కాస్త అంటుకుని ఉంటే గోకి గోకి వదిలించక్కర్లేదు, మురికైనంతమేరా తీస్తే చాలు. మనవాళ్ళకి శుభ్రం అంటే గిన్నె తోమడమే. ఇది గిన్నె కాదని పిన్నిగారికి ప్రత్యేకంగా చెప్పండి.

మందు అన్నాను కదా, అది ఈ ఊళ్ళో పుట్టిందే. సుడోక్రెమ్ అని బూడిదరంగు డబ్బాలో వస్తుంది. 1931లో థామస్ స్మిత్ అనే మందుల షాపాయన ఈ డబ్లిన్‌లోనే తయారుచేశాడు. ఇక్కడివాళ్ళు పసిపిల్లలకే కాదు, మొటిమకీ, గీరుకుపోయినదానికీ అన్నిటికీ అదే పూస్తారు. అందులో ముఖ్యమైంది జింక్ ఆక్సైడు, నూటికి పదిహేను పాళ్ళ పైచిలుకు. మామయ్యగారు సంతోషిస్తారు, మన ఆయుర్వేదంలో యశదభస్మం అంటారే, అందులోనూ ప్రధానంగా ఉండేది ఇదే. అలాగని భస్మం కొని పంపొద్దు. చర్మానికీ తడికీ మధ్య గోడలా నిలబడటమే దీని పని. కింద చర్మం కనబడేంత పల్చగా రాస్తే చాలంటారు. మీ అమ్మాయి గోడకి సున్నం వేసినట్టు దట్టిస్తే, మనవరాలు దానిమీద చెయ్యిపెట్టి ఆ చెయ్యి నా కళ్ళద్దాలకి పూసింది. పార్సెల్లో మీరు పంపిన కొబ్బరినూనె కూడా వృథా పోలేదు. అందులో వంటకి పోగా మిగిలింది నా తలకి రాస్తున్నాను.

అయితే ఈ మందులన్నిటికంటే పెద్ద మందొకటి నర్సమ్మ చెప్పింది. దానికి పైసా ఖర్చులేదంది. రోజులో వీలైనంతసేపు డైపరు లేకుండా గాలికి వదిలేయమంది! నేను నవ్వాపుకోలేకపోయాను. మన కోనసీమలో పిల్లలంతా ఏడాది నిండేదాకా తీసుకునే వైద్యం అదే కదా. మీ గచ్చునేలమీద అదెంత తేలిక! పాప పోసినచోట చెంబుడు నీళ్ళు పోసి గుడ్డతో తుడిస్తే సరి. ఇక్కడ మేముండేది అద్దె ఇల్లు, గోడ నుంచి గోడకి లేతరంగు కార్పెట్టు, దానిమీద ఇంటివాడికి ప్రాణం, మా అడ్వాన్సుమీద నాకు ప్రాణం. హీటరు వేసి, నీళ్ళు దిగని షీటు పరిచి, దానిమీద తువ్వాలు పరిచి, మధ్యలో మీ మనవరాల్ని పడుకోబెడితే రెప్పపాటులో అది బోర్లాపడి తువ్వాలు దాటేస్తుంది. నేను ఇంకో తువ్వాలు పట్టుకుని మోకాళ్ళమీద వెనకాలే. సోఫా కింద దూరిందంటే ఇక దైవాధీనమే. ఆ పూట నాకు ఆఫీసు వాళ్ళు ఫోన్ చేసి "సెలవు హాయిగా గడుస్తోందా?" అని అడిగారు. కార్పెట్టుమీద అక్కడక్కడా పటాలు వెలిశాయి. తుడవగా తుడవగా చాలామటుకు పోయాయి, ఒకటి మాత్రం సోఫా కింద దాక్కుంది. ఇంటివాడు తనిఖీకొచ్చేలోగా అది కూడా పోతుందని ఆశ.

ఇంకొక్క మాట, ఇది నవ్వులాట కాదు. మెడికల్ షాపాయన "మూడు మందులు ఒక్క గొట్టంలో" అని ఇచ్చిన ఆ క్రీము పంపకండి, అక్కడ మన చుట్టాల పిల్లలకీ వాడనివ్వకండి. అలాంటివాటిలో గట్టి స్టెరాయిడు ఉంటుంది. డైపరు కింద మూసి ఉంచిన లేతచర్మంలోంచి అది ఒంట్లోకి ఎక్కువగా దిగుతుంది. పైకి రెండు రోజుల్లో తగ్గినట్టు కనిపించి చర్మాన్ని పల్చబరుస్తుంది. మామూలు ఒరుపు ఇలా చూసుకుంటే మూడు రోజుల్లో సద్దుమణుగుతుంది. తగ్గకపోయినా, తొడల మడతల్లోకి కూడా ఎర్రదనం పాకి చుట్టూ చిన్న చిన్న ఎర్రచుక్కలు వచ్చినా అది ఫంగస్ కావచ్చు, దానికి వేరే మందుంది, డాక్టరే ఇవ్వాలి. జ్వరం, నీటిపొక్కులు, చీము, రక్తం కనిపిస్తే అసలు ఆగకూడదు. ఇక్కడ ఎనిమిదేళ్ళలోపు పిల్లలకి కార్డు తీసుకుంటే డాక్టరు దగ్గర డబ్బు కట్టక్కర్లేదు కాబట్టి మాకు మొహమాటం లేదు. అక్కడ డబ్బు కట్టాల్సి వచ్చినా మొహమాటపడొద్దని మన చుట్టాలకి చెప్పండి.

మనవరాలు ఇప్పుడు బాగుంది. ఒరుపు మానింది, కేకలు తగ్గాయి. పక్కింటి ముసలాయనకి తోచక, తనే వచ్చి అంతా బాగానే ఉందా అని అడిగిపోయాడు.

వేసవిలో మీరిద్దరూ వస్తున్నారు కదా. పెట్టెలో ఊరగాయల పక్కన పౌడర్లకీ, క్రీములకీ చోటు పెట్టకండి. ఆ చోటులో మామయ్యగారి పాత పంచెలు బాగా ఉతికి, అంచులు చింపి తీసుకురండి. అంత మెత్తటి గుడ్డ ఈ దేశంలో ఎంత డబ్బుపెట్టినా దొరకడం లేదు. ఆరేయడానికి నేనున్నాను. ఇక్కడ తీగమీద వేస్తే వాన మళ్ళీ తడిపేస్తుంది గనుక రేడియేటర్ల మీద వేస్తాను. ఈ ఉత్తరాన్ని మాత్రం మామయ్యగారి చేత అరుగుమీద పైకి చదివించకండి. రేపు పెద్దయ్యాక మీ మనవరాలు నన్ను క్షమించదు.

ఇట్లు
మీ అల్లుడు