ముందు తుడిచి ఆ తర్వాత పిలిచే బాష్ షెల్ గారికి

అయ్యా,

లైనక్స్ టెర్మినల్ ముందు కూర్చుని పొట్ట పోసుకునే వాళ్లం రాసుకుంటున్న విన్నపం.

‘సార్ట్ పేర్లు > పేర్లు’ అని కొడతాం. పేర్ల ఫైలును అక్షరక్రమంలో పేర్చి మళ్లీ అందులోనే పెట్టమని మా మనవి. తమరి కంటికి ముందు ఆనేది ఆ > గుర్తు. ఫైలు తెరుస్తారు, ఉన్నదంతా తుడుస్తారు, ఆ తర్వాత తీరిగ్గా సార్ట్‌ను పిలుస్తారు. అది ఖాళీ ఫైలును శ్రద్ధగా పేర్చి, పని సవ్యంగా జరిగిందంటూ సున్నా అప్పజెప్పి పోతుంది. కొత్త ధాన్యం వస్తోందని గాదె ఊడుస్తూ విత్తనాలు కూడా పారబోసినట్టుంది! ఆదేశం పేరులో అక్షరం తప్పుపడినా ఇదే గతి: అలాంటి కమాండ్ లేదని తమరు సెలవిచ్చేసరికి ఫైలు ఖాళీ. అదే సార్ట్‌కు ‘-ఓ’ ఇచ్చి ఫైలు పేరు చెబితే, అంతా చదివాకే రాస్తుంది. ఆ పాటి ఇంగితం కింది ఉద్యోగికి ఉంది మరి.

‘సుడో ఎకో’ సంగతీ అంతే. సుడో ఇచ్చే రూట్ హోదా ఎకో వరకే. > తర్వాతి ఫైలును తెరవడానికి మాత్రం తమరు మా మామూలు హోదాతోనే వెళ్లి, ‘పర్మిషన్ డినైడ్’ అనిపించుకుని వస్తారు.

‘> లాగ్ 2>&1’, ‘2>&1 > లాగ్’ ఒకటి కావన్న దానిపై మాకు తగాదా లేదు. ఎడమ నుంచి కుడికి చదువుతారు; 1 (మామూలు అవుట్‌పుట్) ఆ క్షణాన ఎటు పోతోందో 2ను (తప్పుల సందేశాలను) అటే పంపుతారు. అది న్యాయమే. సీ భాషలో ||కన్నా &&ది పైచేయి, తమరి కొలువులో రెండూ సమానం. దానికీ అలవాటుపడ్డాం.

ఈ తుడిచే అలవాటు తమరు తెచ్చింది కాదనీ తెలుసు. 1971 నాటి థామ్సన్ షెల్‌లోనే > ఉంది, 1979లో బోర్న్ షెల్‌కు సంక్రమించింది, 1989లో పుట్టిన తమరికి వారసత్వంగా వచ్చింది. మార్చితే పాత స్క్రిప్టులు కూలతాయంటారు. స్క్రిప్టుల జోలికి పోకండి. ఎదురుగా మనిషి కూర్చుని టైపు చేస్తున్నాడో లేదో తమరికి తెలుస్తుంది కదా, అప్పుడు మాత్రం, ఉన్న ఫైలును > తుడవకుండా ఆపే నోక్లాబర్‌ను మేం అడగకుండానే ఆన్‌లో ఉంచండి. నిజంగా తుడవాలనుకున్నవాడు >| కొట్టుకుంటాడు.

ఇట్లు,
బ్యాకప్ లేని ఒక విధేయుడు