ఇంటి కాగితాలు బీరువాలోనే ఉండనివ్వండి

మా రోజుల్లో అప్పుకు వెళ్తే ముందు అడిగేది "నూటికి ఎంత?" అని. నెలకు రూపాయి అంటే ధర్మవడ్డీ. రెండంటే గొణుక్కుంటూ తెచ్చుకునేవాళ్లం. మూడు రూపాయలు అన్నవాడి గడప తొక్కేవాళ్లం కాదు. ఇప్పటి క్రెడిట్ కార్డు వడ్డీని ఆ లెక్కలో చూడండి. చాలా కార్డులకు బాకీ మిగిలితే నూటికి మూడున్నర రూపాయల దాకా పడుతోంది, అంటే ఏడాదికి 42. ఆ వడ్డీ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. పిల్లలేమో "మినిమం డ్యూ కట్టేశాను కదా నాన్నా" అంటారు. అది కట్టినా మిగతా బాకీకి వడ్డీ నడుస్తూనే ఉంటుంది, కొత్తగా కొన్నదానికీ కొన్న రోజు నుంచే మొదలవుతుంది. కార్డు వడ్డీ ఏడాదికి ముప్పై శాతం దాటకూడదని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ చెప్పింది. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది.

ఆ భారం మోయలేక ఇప్పుడు ఇంటి మీద పడుతున్నారు. హోమ్ లోనుకు టాప్ అప్, లేదంటే ఇల్లు తనఖా పెట్టి లోను. పది శాతానికి దొరికిందనుకుందాం. అయిదు లక్షల కార్డు బాకీకి నెలకు 17,500 వడ్డీ పోయేచోట, పదిహేనేళ్ల వాయిదా 5,373 రూపాయలే. ఎవరికైనా ప్రాణం లేచి వస్తుంది. కానీ పదిహేనేళ్లూ కడితే మొత్తం 9 లక్షల 67 వేలు. ఎప్పుడో తిన్న హోటలు బిల్లుకు, పాడైపోయిన ఫోనుకు, పిల్లాడు డిగ్రీకి వచ్చేదాకా వాయిదాలు!

డబ్బు కంటే నాకు కాగితాల బెంగ ఎక్కువ. కార్డు అప్పుకు హామీ లేదు. ఏజెంట్లు ఫోన్లతో పీడించవచ్చు గానీ, కోర్టుకు వెళ్లకుండా ఇల్లు జప్తు చేయలేరు. అదే అప్పును ఇంటి మీదికి ఎక్కించాక సంగతి వేరు. వాయిదాలు తొంభై రోజులు దాటితే ఖాతా మొండి బాకీ అవుతుంది. 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద అరవై రోజుల నోటీసు ఇచ్చి, అప్పటికీ కట్టకపోతే బ్యాంకు సివిల్ కోర్టులో దావా వేయకుండానే ఇల్లు స్వాధీనం చేసుకుని వేలం వేయవచ్చు. మా అమ్మానాన్నలు పెళ్లికీ, వైద్యానికీ నగలు తాకట్టు పెట్టారు, పీఎఫ్‌లో లోను తీశారు, చీటీ పాడుకున్నారు. దస్తావేజులు మాత్రం పెట్టె దాటనివ్వలేదు. నగలు పోతే మళ్లీ చేయించుకోవచ్చు, నిలువనీడ పోతే ఎక్కడికి పోతారు?

ఇంకోటి. మా కాలంలో ప్రోనోటుకు మూడేళ్లకు కాలదోషం పట్టేది. ఈలోగా తీర్చడమో, తిరగరాయడమో చేయాల్సిందే. ఆ గడువే మా నడుము బిగించేది. ఇప్పుడు గడువు ఎంత పొడవైతే అంత లాభమనుకుంటున్నారు. అదే అయిదు లక్షలు, అదే పది శాతం, మూడేళ్లు పెట్టుకోండి: వాయిదా 16,134, మొత్తం వడ్డీ 81 వేల లోపే. కార్డుకు నెలనెలా పోసే వడ్డీ కంటే ఈ వాయిదాయే తక్కువ, పైగా అసలు కూడా తీరిపోతుంది.

నాయనా, వేరే దారి లేక పెట్టాల్సే వస్తే మూడేళ్లకే పెట్టండి. కార్డు బాకీ తీరిన రోజే ఆ కార్డు మూసేయించండి. ఇంట్లో ఆలికి చెప్పకుండా మాత్రం ఆ కాగితాల మీద సంతకం పెట్టకండి.