ఎడమ బొటనవేలికి టీకా తాత్పర్యం

మూలం: కన్ను పట్టి, దారము చుట్టి, ముడి బిగింపుము.

అవతారిక. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేటకు నిషేధం. పడవలు ఒడ్డెక్కితే వలలు ఒళ్లోకి వస్తాయి గనుక, కొత్తపట్నంలో వల అల్లిక నేర్వదలచినవాడికి ఇంతకంటే మంచి ముహూర్తం లేదు. (1937 వేసవిలో ఇదే ఊళ్లో పెట్టిన రాజకీయ పాఠశాలను ప్రభుత్వం నిషేధించింది, వల పాఠశాలను మాత్రం నిషేధమే తెరిపిస్తుంది.) నేర్పేవాళ్లు చేత్తో చూపించేదాన్ని మాటల్లో కూరిస్తే పై సూత్రం అవుతుంది. ప్రతిపదార్థం: కన్ను అంటే ముఖాన ఉండేది కాదు, పై వరసలో అప్పటికే అల్లిన వల కన్ను. పట్టి అంటే ఆ కన్ను అడుగును, కన్నుల కొలతకు వాడే బద్ద అంచుకు ఆనించి, ఎడమ బొటనవేలితో నొక్కి. చుట్టి అంటే కన్నులోంచి పైకి తెచ్చిన, దారం నింపిన వల సూదిని కన్ను రెండు పోగుల వెనకగా తిప్పి, తన దారమే వేసిన ఉచ్చులోంచి దూర్చి. బిగింపుము అన్నది స్పష్టమే.

చిక్కంతా 'పట్టి' దగ్గరే ఉంది. చూడగానే అది క్త్వార్థకం. వండి తిన్నాడంటే వంట ముగిశాకే తిండి. ఆ లెక్కన పట్టడం ముగిశాక చుట్టాలని కొత్తవాడు అన్వయించుకుంటాడు. సూది తిరగగానే వేలు వదిలి, దారాన్ని గట్టిగా లాగుతాడు. ఉచ్చు పోగుల మెడ మీద నిలవకుండా కిందికి జారి బిగుస్తుంది. పైకి చక్కని ముడే. కన్ను రెండు పోగుల్నీ చెరో వైపుకు లాగి చూస్తే మాత్రం అది పూసలా ఒక పోగు వెంట పరుగెడుతుంది, ఒక కన్ను సాగి పక్క కన్ను ముడుచుకుంటుంది. కాబట్టి ఇక్కడ 'పట్టి'ని శత్రర్థకంగానే చెప్పుకోవాలి: పట్టుచునే చుట్టవలె, పట్టుచునే బిగింపవలె. వ్యాకరణం ఒప్పుకోదని పండితులు అంటే అననీ, జారుముడి వేసే వ్యాకరణం చేపలకు లాభం.

పని చేసేది సూది ఉన్న కుడిచెయ్యి కదా, ఎడమ వేలికి ఇంత పెద్దరికమా అని పూర్వపక్షం. ఇదే తీరాన ఉత్తరంగా ఉన్న చీరాల వైపు చూడండి. తెగిన పోగులు కలపడానికి నేతగాళ్లు వాడే నేతముడీ, ఈ వల ముడీ కట్టుబడిలో ఒకటే. అక్కడ సూదీ లేదు, బద్దా లేదు. రెండు పోగులు కలిసే చోటును నొక్కిపట్టే వేళ్లు మాత్రం ఉన్నాయి. సూది పోయినా ముడి పడుతోంది, పట్టు పోతే పడడం లేదు. ఏది ప్రధానమో వేరే చెప్పాలా? ద్రోణుడు విలువిద్య కాక వల విద్య నేర్పి ఉంటే ఏకలవ్యుణ్ణి ఎడమ బొటనవేలే అడిగి ఉండేవాడు.

ఇక నైలాన్ వాదం. పత్తి నూలుకు నూగు ఉంటుంది, ముడి కాస్త అటూ ఇటూ అయినా ఆ నూగే పట్టి ఉంచుతుంది. నున్నటి నైలాన్ పోగుకు ఆ దయ లేదు, అందుకే రెండు చుట్లు వేస్తారు. మరి రెండో చుట్టు ఉండగా వేలెందుకు అంటారా? ఆ చుట్టు బిగిసిన ముడిని కాస్తుంది, బిగిసేలోపు కాయలేదు. పైగా రెండు చుట్లు మెడ మీద నిలబెట్టాలంటే వేలు ఇంకాసేపు నొక్కి ఉండాలి.

మిషన్లు వలలు అల్లేస్తుంటే ఈ టీకా ఎందుకన్నది చివరి ఆక్షేపం, నిజం చెప్పాలంటే బలమైనది కూడా. కొత్త వల మిషన్‌దే, ఒప్పుకున్నాం. పీత కొరికిన చోట, రాయి చీల్చిన చోట చిరుగు ఒక్కో తీరుగా ఉంటుంది. తెగిన కొసలు కత్తిరించి, ఉన్న కన్నుల కొలతకే కొత్త కన్నులు వేయడానికి మిషన్ ఇసుకలోకి దిగి రాదు.

పట్టమన్న సూత్రం ఎప్పుడు వదలాలో చెప్పలేదే అంటారేమో. తరువాతి కన్ను కూడా ఆ వేలే పట్టాలి గనుక చెప్పనక్కర్లేదు.