యానాం జనన రిజిస్టరు ఆత్మకథ

యానాం జనన రిజిస్టరు ఫ్రెంచివారి హయాంలో మేరీలో, అంటే అప్పటి మునిసిపాలిటీ కచేరీలో, రాసిన పుస్తకం. పందొమ్మిదో శతాబ్దం చివరి పాదంలో మొదలైన ఆ వరుసలోని ఒక పుస్తకం ఇక్కడ తన కథ చెప్పుకుంటోంది. రిజిస్టరులో ‘నేను’ అనే మాటకు చోటుండదు. ఫలానావారు ఫలానా అధికారి ఎదుట హాజరై ఫలానా సంగతి చెప్పారని రాయడమే దానికి తెలిసిన పద్ధతి. తన సంగతి చెప్పుకోవడమూ అలాగే.

ఫ్రెంచివారు యానాంలో 1723లో వర్తక స్థావరం పెట్టారు. వ్యాపారం సాగక 1727లో ఎత్తేసి, 1731లో మళ్లీ తెరిచారు. తర్వాత అది ఇంగ్లీషువారి చేతుల్లోకి వెళ్లడం, ఒడంబడికల మీద తిరిగి రావడం చాలాసార్లు జరిగింది. గౌతమీ గోదావరి ఒడ్డున సుమారు 30 చదరపు కిలోమీటర్ల ఈ గడ్డ చుట్టూ ఉన్నదంతా ఇంగ్లీషువారి జిల్లాయే. 1880 మార్చి 12 డిక్రీతో ఫ్రెంచి ఇండియాలో మునిసిపాలిటీలు ఏర్పడ్డాయి, యానాం అందులో ఒకటి. అదే ఏడాది ఏప్రిల్ 24 డిక్రీ స్థానికుల జనన, వివాహ, మరణాల నమోదును ఫ్రెంచి సివిల్ కోడు కిందికి తెచ్చింది. ఈ రిజిస్టరుకు పుట్టుక ఇచ్చింది ఆ రెండు డిక్రీలే.

పుస్తకం తయారీకి కట్టుబాట్లున్నాయి. ఒక్క అక్షరం పడకముందే పుటలన్నిటికీ అంకెలు వేసి, న్యాయాధికారి ప్రతి పుట మీదా పొడి సంతకం చేయాలి. మధ్యలో కాగితం చింపడానికి గానీ, కొత్తది చొప్పించడానికి గానీ వీలు లేకుండా ఈ ఏర్పాటు. డిసెంబరు ఆఖరున పుస్తకం మూసి, పేర్ల పట్టిక కడతారు. పదేళ్ల పట్టికలు కలిపి దశవార్షిక పట్టిక రాయాలని ఫ్రాన్సులో 1792 నుంచి నియమం. ఒకే ప్రతి రాస్తే నిప్పుకో చెదకో తుపానుకో పోతుంది. అందుకని ఫ్రెంచి చట్టం నకళ్లు అడిగింది. వలస రాజ్యాల కాగితాల ప్రతి ఒకటి ఫ్రాన్సు చేరాలని 1776 జూన్‌లోనే రాజశాసనం వచ్చి, వెర్సాయిలో భాండాగారం వెలిసింది. తుపాన్ల తీరంలో పుట్టిన పుస్తకానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు ఉండబోదు.

బిడ్డ పుట్టిన మూడు రోజుల్లోగా తండ్రి మేరీకి రావాలి, వెంట ఇద్దరు సాక్షులుండాలి. తేదీ, గంట అంకెల్లో కాకుండా అక్షరాల్లో పడతాయి. ఆ తర్వాత బిడ్డ ఆడో మగో, ఏం పేరు పెట్టారో, తండ్రి పేరు, వయసు, వృత్తి, ఏ పేటలో కాపురం, తల్లి పేరు, సాక్షుల పేర్లూ వృత్తులూ వస్తాయి. రాసింది చదివి వినిపించాక సంతకాలు. మేయరుది ఫ్రెంచి సంతకం, సాక్షిది తెలుగు చేవ్రాలు. సంతకం రానివారు రాదని చెప్పినట్టు ఒక వాక్యం. నేత, చేపల వేట, వ్యవసాయం, వర్తకం చేసుకునే కుటుంబాలు, దొరతనం ఊసెత్తే పుస్తకాల్లో ఎక్కడా కనబడని మనుషులు, ఇక్కడ పేరూ ఊరూ వయసుతో నిలబడ్డారు. ఈ రిజిస్టరు గొప్పదనం అదే.

దీనికి తోబుట్టువులాంటిది మరణ రిజిస్టరు. వంశం వెతికేవారు దాన్నే ముందు తెరవాలి. పోయిన మనిషి వయసుతోపాటు తల్లిదండ్రుల పేర్లు తెలిసినంతవరకు రాయాలని కోడు చెబుతుంది. 1885లో డెబ్భై ఏళ్ల వయసులో పోయిన మనిషి నమోదు దొరికితే కుటుంబం కథ 1815కి, తల్లిదండ్రుల పేర్లతో ఇంకా వెనక్కు, వెళుతుంది. జనన రిజిస్టరు పుట్టకముందటి కాలాన్ని అందించేది ఇదే.

ఆ ముందటి కాలమే తెలుగువారు మారిషస్, రీయూనియన్ దీవులకు వలస వెళ్లిన కాలం. పద్దెనిమిదో శతాబ్దం చివర యానాం, కోరంగి రేవుల నుంచి మనుషుల్ని బానిసలుగా ఓడలెక్కించారు. 1828లో ‘తుర్క్వాజ్’ అనే ఓడ యానాం నుంచి 15 మంది తెలుగువారిని ఒప్పంద కూలీలుగా బూర్బోన్ దీవికి, అంటే నేటి రీయూనియన్‌కు, చేర్చింది. ఇంగ్లీషు ఏలుబడిలోని మారిషస్‌లో 1835లో, రీయూనియన్‌లో 1848 డిసెంబరు 20న బానిసత్వం రద్దయింది. చెరకు తోటలకు మనుషులు కావలసి వచ్చారు. కోరంగి రేవు 1839 నవంబరు తుపానుకు దెబ్బతిని కోలుకోలేదు గానీ, పేరు మాత్రం సముద్రాలు దాటింది. మారిషస్‌లో, బర్మాలో తెలుగువారిని కోరంగివాళ్లనే పిలిచారు. రీయూనియన్‌కు కూలీల్ని పంపడాన్ని ఇంగ్లీషు ప్రభుత్వం 1882లో ఆపేసింది.

వెళ్లినవారి కాగితాలు అటువైపే ఉన్నాయి. మారిషస్‌లోని పోర్ట్ లూయీలో ఆప్రవాసీ ఘాట్ మెట్లెక్కిన దాదాపు 5 లక్షల మంది భారతీయుల వివరాలు చాలావరకు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. ఒక్కొక్కరికీ ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎత్తు, ఒంటిమీది గుర్తులు, గ్రామం, జిల్లా, ఓడ పేరు. 1860ల నుంచి ఫొటోలూ ఉన్నాయి. లేనిది ఇంటిపేరు. ఓడ గుమస్తాకు అప్పడు అని చెబితే ఆ ఒక్క పేరే రాసుకున్నాడు. తరవాతి తరాలకు అదే ఇంటిపేరైపోయింది. తెలుగు దేశంలో మనిషి ఆచూకీ తీసేది ఇంటిపేరుతోనే, దీవిలో మొదట పోయింది అదే. ఐదారు తరాల తర్వాత వంశం వెతకడం కష్టమైందీ అందుకే.

పూర్వీకుల్ని వెతుకుతూ వచ్చే మారిషస్ దంపతులకు తెలుగు తీరం వెంట ఒక దారి ఉంది. విశాఖపట్నంలో దిగి ముందు సింహాచలం వెళ్లడం సబబైన పని. మారిషస్ తెలుగువారి ఇళ్లలో సింహాద్రి అప్పన్న కొలువు నేటికీ సాగుతోందంటే, చాలా కుటుంబాల మూలాలు ఉత్తరాంధ్ర పల్లెల్లో ఉన్నట్టే. అక్కణ్నుంచి జాతీయ రహదారి మీద కత్తిపూడి దాకా వచ్చి, 216వ నంబరు రోడ్డు పట్టుకుంటే కాకినాడ. చొల్లంగి, కోరంగి, తాళ్లరేవు దాటితే సుమారు 30 కిలోమీటర్లకు యానాం. ఒకప్పుడు ఓడల రేవు ఉన్న కోరంగి దగ్గర ఇప్పుడు మడ అడవుల అభయారణ్యం. యానాంలో గౌతమి మీద బాలయోగి వారధి దాటితే ఎదుర్లంక, కోనసీమ. కారు అద్దెకు తీసుకునేటప్పుడు ఈ ఊళ్లు ఎరిగిన డ్రైవరుని అడగాలి. గ్రామాల పాత పేర్లు, రెవెన్యూ పేర్లు, పేటల పేర్లు వేరువేరుగా ఉంటాయి, ఫోన్‌లోని పటం అన్నీ చూపించదు.

యానాం చేరినవారు మొదట గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. కోరంగి నుంచి ఓడెక్కినవారిలో ఎక్కువమంది ఇంగ్లీషు జిల్లాల రైతుకూలీలు. యానాంలో కాపురమున్న కుటుంబాలు మాత్రమే ఈ రిజిస్టరులో ఉన్నాయి. ఓడ కాగితంలో యానాం అని ఉంటేనే, లేదా కుటుంబంలో ఆ మాట నిలిచి ఉంటేనే, దీన్ని తెరవడంలో అర్థముంది. అప్పుడు కూడా వెళ్లిన మనిషి ఇందులో దొరకడు. అతని అన్నదమ్ములు, వాళ్ల బిడ్డలు, మనవలు దొరుకుతారు. వెళ్లినవాళ్లు అక్కడి పుస్తకంలో, ఉండిపోయినవాళ్లు ఇక్కడి పుస్తకంలో. తండ్రి పేరుతోపాటు మిగతా వివరాలూ రెండుచోట్లా కలిస్తేనే బంధుత్వం తేలుతుంది. ఒక్క పేరు కలిసిందని ఏడవటం, కౌగిలించుకోవడం తొందరపాటు. ఈ జిల్లాల్లో అప్పన్నలు, సత్యాలు, వీరాస్వాములు ప్రతి పేటలోనూ ఉన్నారు.

రాత కూడా తిప్పలు పెడుతుంది. ఫ్రెంచి గుమస్తా చెవికి తోచినట్టు రాశాడు. ఉ కారానికి ఫ్రెంచిలో రెండక్షరాలు వాడతారు కాబట్టి, ఇంగ్లీషు అలవాటుతో చదివితే సుబ్బమ్మ సౌబమ్మ అవుతుంది. పట్టికలో ఒకే కుటుంబం రెండు మూడు అక్షరాల కింద పడి ఉండవచ్చు, అన్నీ చూడాలి. 1881 సెప్టెంబరు 21 డిక్రీ కింద స్వధర్మ చట్టాన్ని వదులుకుని ఫ్రెంచి కోడును ఒప్పుకున్నవారు కొత్త ఇంటిపేరు పెట్టుకున్నారు. అలాంటి ఇంట్లో తండ్రికీ తాతకూ వేర్వేరు పేర్లుంటాయి. ఇంకో పొరపాటు పెళ్లిళ్లతో వస్తుంది. 1929 శారదా చట్టం బ్రిటిషు ఇండియాలో బాల్యవివాహాలను ఆపితే, ఫ్రెంచి గడ్డ మీద ఆ చట్టం లేనందున చుట్టుపక్కల జిల్లాలవారు యానాం వచ్చి పెళ్లిళ్లు చేసుకున్నారు. ఊరికి కల్యాణపురం అని పేరొచ్చింది. నాయనమ్మ పెళ్లి యానాంలో జరిగిందంటే ఆమె పుట్టిల్లు యానామే అనుకోకూడదు.

1954 జూన్‌లో యానాంలో ఫ్రెంచి పాలన కూలింది, నవంబరు 1న పరిపాలన భారతదేశానికి మారింది. 1956 మే 28న రాసుకున్న ఒప్పందం 1962 ఆగస్టు 16న అమల్లోకి వచ్చింది. అప్పటినుంచి ఆరు నెలల్లో ఇక్కడి ఫ్రెంచి జాతీయులు కావాలంటే ఫ్రెంచి పౌరసత్వాన్నే నిలుపుకునే వీలిచ్చారు. ఆ ఆరు నెలల నిర్ణయం నేటికీ మనవల పాస్‌పోర్టుల్ని శాసిస్తోంది, దానికి ఆధారంగా చూపేది ఈ పుస్తకంలోని పుటే. అలాగే మారిషస్ తెలుగువారికీ కాగితం విలువ పెరిగింది. భారత సంతతి మారిషస్ పౌరులు ఏడో తరం వరకు ఓసీఐ (విదేశీ భారతీయ పౌరసత్వ) కార్డుకు అర్హులని 2024 మార్చిలో ప్రకటించారు.

ఈ రిజిస్టరు కోసం అందరూ సముద్రం దాటి రావలసిన పని లేదు. ఫ్రాన్సు చేరిన ప్రతులు ఇప్పుడు ఎక్సాన్ ప్రోవాన్స్‌లో 1966లో తెరిచిన జాతీయ సముద్రపార భూభాగాల భాండాగారంలో ఉన్నాయి. నూరేళ్లు దాటిన పాత పుస్తకాల పుటలను, యానాంవాటితో సహా, ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడవచ్చు. తర్వాతి కాలపు నమోదుల కోసం నాంత్ నగరంలోని కేంద్ర కార్యాలయానికి రాయాలి. ఇంట్లో కూర్చుని పుటలు చదివి, పేర్లు రాసుకుని, ఆ తర్వాత కారెక్కితే ప్రయాణం పేట పేరుతో, తండ్రి పేరుతో మొదలవుతుంది.

పుస్తకం ఇవ్వలేనిది గోత్రం, పొలం గట్టు, పాత బావి. అవి పెద్దల నోట్లోనే ఉన్నాయి. యానాం, తాళ్లరేవు, కోరంగి ఊళ్లలో ఎనభై దాటిన తాతలూ మామ్మలూ ఉన్న ఇళ్లవారు ‘మా వాళ్లలో ఒకరు ఓడెక్కి వెళ్లారు’ అన్న మాట వినబడితే, ఎవరు, ఏ పేట, ఎవరి కొడుకు అని అడిగి ఈ ఏడాదే ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టండి.